హాట్ రాడ్‌కి వెనక షాక్స్ కొనే ముందు టేపు తీయండి

ఈ మాట గట్టిగానే చెప్తున్నాను. హాట్ రాడ్ (మార్పులు చేసి నడుపుకునే పాత కారు) వెనక షాక్ అబ్జార్బర్లను క్రోమ్ మెరుపు చూసో, 'ఏ హాట్ రాడ్‌కైనా సరిపోతుంది' అన్న మాట నమ్మో కొనడం మానండి. నేను అలాగే కొన్నాను. 1931 ఫోర్డ్ మోడల్ ఏ కూపేకి బిగించాను. నెల తిరగకముందే ఒక గుంతలో షాక్ పూర్తిగా ముడుచుకుపోయి దబ్‌మని కొట్టింది. కిందికి దిగి చూస్తే పై బ్రాకెట్ వెల్డింగ్ దగ్గర పగిలింది. పక్క సీట్లో మా అమ్మాయి ఉంది. ఆ రోజు పడ్డ టెన్షన్ ఇంకా పోలేదు.

షాక్ బండి బరువు మోయదు. మోసేది స్ప్రింగ్. ఊగుతున్న స్ప్రింగ్‌ని అదుపు చేయడం, ఆ ఊపును లోపలి నూనెలో వేడిగా మార్చడం, షాక్ పని అంతవరకే. అందుకే ముందు స్ప్రింగ్‌ని అర్థం చేసుకోవాలి. ఈ పాత ఫోర్డులకు వెనక ఉండేది అడ్డంగా, ఈ చక్రం నుంచి ఆ చక్రం దాకా పరుచుకున్న ఒకే కమాన్ కట్ట. మన లారీలకు బండి పొడవునా రెండు పక్కలా ఉండేదే ఇక్కడ అడ్డంగా ఉంటుంది. 1948 మోడల్ దాకా ఫోర్డ్ కార్లకు ముందూ వెనకా ఇదే పద్ధతి. ఈ కట్టలో పట్టీలు ఒకదానితో ఒకటి రాసుకుంటాయి, ఆ రాపిడే ఊపును కొంత తగ్గిస్తుంది. కాబట్టి కాయిల్ స్ప్రింగ్ బండికి పెట్టినంత గట్టి షాక్ దీనికి అక్కర్లేదు. పట్టీల మధ్య నైలాన్ పీలికలు పెట్టారా, రాపిడి తగ్గుతుంది, అప్పుడు షాక్ ఎక్కువ పని చేయాలి. ఈ సంగతి ఏ డబ్బా మీదా రాసి ఉండదు.

ఇక అందరూ చేసే పెద్ద తప్పు వాలు. ఛాసిస్ ఇరుకు, అందంగా కూడా ఉంటుందని షాక్స్‌ని బాగా లోపలికి వాల్చేస్తారు. నిటారు నుంచి 45 డిగ్రీలు వాలిస్తే ఇరుసు మీద దాని పట్టు సగానికి పడిపోతుంది. 30 డిగ్రీలకు ముప్పావు వంతు మిగులుతుంది. 20 లోపు ఉంటే నష్టం పెద్దగా ఉండదు. బాగా వాల్చి, పట్టు చాలడం లేదని ఇంకా గట్టి షాక్ కొనేవాళ్లను చూస్తే బాధేస్తుంది. డ్రిల్లు పట్టుకుని రంధ్రం మార్చుకుంటే పోయేది కదా!

పొడవు కొలిచే పద్ధతి కూడా చెప్తాను. ట్యాంకు నింపండి. మోడల్ ఏకి ట్యాంకు అసలు ముందు, డాష్‌బోర్డు దగ్గర ఉండేది. చాలామంది దాన్ని డిక్కీలోకి మారుస్తారు, అంటే వెనక బరువు మారిపోయినట్టే. ఇద్దరిని కూర్చోబెట్టి, బండి నేల మీద నిలబడి ఉండగా పై బోల్టు నుంచి కింది బోల్టుకి కొలవండి. ఆ కొలత దగ్గర షాక్ పూర్తిగా సాగడానికీ, పూర్తిగా ముడుచుకోవడానికీ దాదాపు మధ్యలో ఉండాలి. పూర్తిగా ముడుచుకోకముందే రబ్బరు బంప్ స్టాప్ తగలాలి. కిందికి దిగే బండిని చివర్లో ఆపే పని షాక్‌ది కాదు. నాకు జరిగింది సరిగ్గా అదే: స్టాప్ లేదు, లోపలికి పోవడానికి చోటు అంగుళమే.

గ్యాస్ షాక్స్ మీద మోజు కూడా తగ్గించుకోవాలి. ఎక్కువ ఒత్తిడితో గ్యాస్ నింపిన మోనోట్యూబ్ (ఒకే గొట్టం ఉన్న షాక్) తన రాడ్డును ఎప్పుడూ బయటికి తోస్తూనే ఉంటుంది. బరువైన బండికి అది తెలియదు. ఇలాంటి తేలికైన బండికి వెనక భాగం కాస్త లేచి, ప్రయాణం గట్టిపడుతుంది. నా లెక్కలో మెత్తని వాల్వింగ్ (లోపలి నూనె దారుల అమరిక) ఉన్న మామూలు ట్విన్ ట్యూబ్, అంటే ఒకదానిలో ఒకటి రెండు గొట్టాలున్న షాక్ చాలు. గాలి నింపి ఎత్తు పెంచే షాక్స్ అయితే అసలు వద్దు. బరువంతా ఆ చిన్న బ్రాకెట్ల మీదికి తెస్తాయి.

ఆ క్రోమ్ జతను పక్కన పెట్టేశాను. పై బ్రాకెట్లకు 18 డిగ్రీల వాలులో కొత్త రంధ్రాలు గుర్తుపెట్టాను, ఆదివారం వెల్డింగ్. ఆ తర్వాతే షాక్స్ ఆర్డర్ పెడతాను.