సెట్‌టాప్ బాక్స్ వారి దొంగనిద్ర

"మీ బాక్స్ స్టాండ్‌బైలో ఉంది. దయచేసి రిమోట్‌తో ఆన్ చేయండి."

ఈ సందేశం ఎక్కడ కనిపిస్తుందంటే, ఫోన్‌లోని రిమోట్ యాప్‌లో. రిమోట్ చేసే పని తాను చేయడానికే పుట్టిన యాప్ మనల్ని రిమోట్ వెతుక్కోమంటోంది. ఎక్కడున్నా మీ బాక్స్ మీ చేతిలోనే అని ప్రకటనలో చెప్పారు కదా అని అడక్కండి. చేతిలోనే ఉంటుంది. ముందు ఎవరైనా ఇంటికెళ్లి దాన్ని నిద్ర లేపాలి, అంతే.

పెట్టె ముందు ఎర్ర దీపం వెలుగుతుంటే వారు నిద్రపోతున్నారని మనబోటి అమాయకుల నమ్మకం. విచారిస్తే తేలిందేమిటంటే, వారికి నిద్రే లేదు. అర్ధరాత్రి మనం గురక పెడుతున్న వేళ వారు లేచి కార్యక్రమాల పట్టిక తెచ్చుకుంటారు. కొత్త సాఫ్ట్‌వేర్ దింపుకుంటారు. మనం చందా కట్టామా లేదా అన్న విషయంలో పైనుంచి వచ్చే ఆదేశాలు అందుకుంటారు. కంపెనీ ఏ జామున పిలిచినా "చిత్తం" అంటూ లేస్తారు. అందుకే చాలా పెట్టెల వెంట వచ్చే పుస్తకంలో, గోడ దగ్గర స్విచ్ ఆపొద్దని వినయంగా రాసి ఉంటుంది. అదే పెట్టెను కొన్నవాడు, కరెంటు బిల్లు కట్టేవాడు పిలిస్తే మాత్రం ఉలుకూ పలుకూ ఉండదు. నిద్రపోయేవాణ్ని లేపొచ్చు గానీ నిద్ర నటించేవాణ్ని లేపలేం అన్న పెద్దలు, ఈ పెట్టెను చూడకుండానే అనేశారు పాపం.

ఈ నిద్రలో వారి భోజనం సంగతి కూడా చెప్పుకోవాలి. అమెరికాలో నేచురల్ రిసోర్సెస్ డిఫెన్స్ కౌన్సిల్ అనే పర్యావరణ సంస్థ 2011లో లెక్క తీస్తే, 2010లో ఆ దేశంలోని సెట్‌టాప్ బాక్సులు మింగిన కరెంటు 2,700 కోట్ల యూనిట్లని తేలింది. అందులో సుమారు మూడింట రెండు వంతులు ఎవరూ టీవీ చూడని సమయంలో మింగినదే. కుంభకర్ణుడు నయం, లేచాకే తిన్నాడు. స్టాండ్‌బైలో పది వాట్లు తాగే పెట్టె ఏడాది పొడవునా అలాగే పడి ఉంటే దాదాపు 88 యూనిట్లు అవుతుంది. ఇంత మేపినా, పిలిస్తే పలకదు.

పోనీ శాస్త్రం అంతవరకు ఎదగలేదేమో అని సరిపెట్టుకుందామా? 1956లోనే రాబర్ట్ ఆడ్లర్ అనే ఇంజనీరు రూపొందించిన రిమోట్ అమ్మకానికి వచ్చింది. అందులో బ్యాటరీ కూడా లేదు. బటన్ నొక్కితే లోపల చిన్న సుత్తి అల్యూమినియం కడ్డీని కొట్టేది, మన చెవికి అందని ఆ మోతకు టీవీ ఆన్ అయ్యేది. పక్క గదుల్లోంచి నెట్‌వర్క్ ద్వారా కంప్యూటర్లను లేపే పద్ధతి కూడా 1990ల నుంచే ఉంది. దాని పేరు వేక్ ఆన్ లాన్. ఆ పంపే సందేశాన్ని నిజంగానే మ్యాజిక్ ప్యాకెట్ అంటారు. అందులో మంత్రాలేమీ ఉండవు. మొదట ఆరు బైట్ల పాటు గొంతు సవరించుకోవాలి, ఆ తర్వాత లేవాల్సిన యంత్రం చిరునామాను వరసగా 16 సార్లు పిలవాలి. మొత్తం 102 బైట్లు. పిల్లల్ని బడికి లేపే తల్లికి ఇంతకంటే ఎక్కువే ఖర్చవుతుంది.

కానీ ఆ పిలుపు వినాలంటే పెట్టెలో సందేశాలు అందుకునే నెట్‌వర్క్ చిప్ మేలుకుని ఉండాలి కదా. చాలామంది పెట్టెగార్లు గాఢనిద్రలోకి వెళ్లేటప్పుడు ముందుగా చేసే పని దాని పీక నొక్కడం. పెట్టెను టీవీకి కలిపే హెచ్‌డీఎంఐ కేబుల్‌లో 13వ పిన్ను ద్వారా టీవీయే పెట్టెను లేపే ఏర్పాటు కూడా ఉంది. దాన్ని ఒక టీవీ కంపెనీ ఎనీనెట్ ప్లస్ అంటుంది, ఇంకొకటి సింప్‌లింక్, మరొకటి బ్రావియా సింక్. సరే, పెట్టెను టీవీ లేపుతుంది. టీవీని ఎవరు లేపాలి?

ఇక్కడ ఇంటర్నెట్ జ్ఞానులు ప్రవేశిస్తారు. వారి సలహా వినండి. ముందుగా ఒక ఐఆర్ బ్లాస్టర్ కొని పెట్టె ఎదురుగా కూర్చోబెట్టాలి. మీరు ఎక్కడినుంచో ఫోన్‌లో నొక్కితే అది రిమోట్‌లాగే పవర్ సిగ్నల్ కొడుతుంది. బాగుంది. అయితే చాలా రిమోట్లలో ఆన్‌కీ ఆఫ్‌కీ ఒకటే సిగ్నల్. పడుకుని ఉంటే లేస్తుంది, లేచి ఉంటే పడుకుంటుంది. పైగా రిమోట్, బ్లాస్టర్ వాడే ఇన్‌ఫ్రారెడ్ కాంతి అంతా ఒకవైపు వ్యవహారం, అటునుంచి జవాబు రాదు. అంటే మీరు లేపారో, జోకొట్టారో మీకు తెలియదు. అందుకని ఒక కెమెరా కొనాలి. దాన్ని పెట్టె దీపం కేసి గురిపెట్టాలి. గదిలో చీకటి పడగానే కెమెరా నైట్ మోడ్‌లోకి వెళ్లి అంతా నలుపు తెలుపుల్లో చూపిస్తుంది. ఇప్పుడు వెలిగేది ఎరుపో, ఆకుపచ్చో చెప్పండి చూద్దాం. అందుకని గదిలో ఒక స్మార్ట్ బల్బు పెట్టాలి. బల్బు వెలిగించి, కెమెరా తెరిచి, బ్లాస్టర్ నొక్కితే ఈసారి పెట్టె బిగుసుకుపోయి ఉంటుంది. అందుకని స్మార్ట్ ప్లగ్ ఒకటి. కరెంటు తీసి మళ్లీ ఇవ్వాలి. పెట్టె కొత్త జన్మ ఎత్తినట్టు లేస్తుంది, తన బొమ్మ చూపిస్తుంది, దీపాలన్నీ మిణుకుమిణుకుమంటాయి, మీ గుండె వేగం పెరుగుతుంది. అప్పుడు వారికి పూర్వజన్మ గుర్తొస్తుంది. కరెంటు పోయే ముందు స్టాండ్‌బైలో ఉన్నాను కదా అని మళ్లీ స్టాండ్‌బైలోకి వెళ్లిపోతారు. ఎర్ర దీపం. ఒక్క బటన్ పని చేయించడానికి నాలుగు పరికరాలు, నాలుగు యాప్‌లు, నాలుగు పాస్‌వర్డ్‌లు. ఆ నాలుగింటికీ మళ్లీ స్టాండ్‌బై కరెంటు.

మ్యాచ్ రికార్డు చేసుకోలేకపోయిన కుర్రాడి బాధ వరకే అయితే నవ్వుకుని ఊరుకోవచ్చు. మంచం దిగలేని మనుషులున్నారు. చేతులు వణికేవాళ్లు, చూపు ఆననివాళ్లు, రిమోట్ మంచం కిందికి జారితే సాయంత్రం ఎవరో వచ్చేదాకా గోడ చూస్తూ పడుకునేవాళ్లు. వాళ్లకు "టీవీ పెట్టు" అని నోటితో చెప్పడం సోకు కాదు. వేరే ఊళ్లో ఉన్న కొడుకో కూతురో ఫోన్లోంచి ఆన్ చేసి పెడితే అదే ఆ రోజుకి తోడు. వాళ్లతో కూడా ఈ పెట్టె అదే మాట అంటుంది, లేచి వచ్చి రిమోట్ నొక్కమని. లేవగలిగితే నిన్నెందుకు అడుగుతారు? చేతకాక కాదు. తనకు పని పడితే తెల్లవారుజామున మూడింటికి లేపుకోవడం కంపెనీకి వచ్చు. ఆ తలుపు ఉంది, తాళం కూడా ఉంది, మనకు ఇవ్వలేదు. ఇవ్వాలని ఎవరికీ తోచలేదు, ఎందుకంటే మీటింగులో కూర్చున్నవాళ్లందరూ నడవగలవాళ్లే. ఇది సాంకేతిక సమస్య అని ఇంకెవరైనా నాతో అంటే మర్యాదగా మాట్లాడతానన్న హామీ ఇవ్వలేను.

దీనికి కంపెనీల దగ్గర సిద్ధంగా ఉన్న సమాధానం విద్యుత్ పొదుపు. స్టాండ్‌బైలో ఒక వాట్ దాటొద్దని అంతర్జాతీయ ఇంధన సంస్థ 1999లోనే లక్ష్యం ప్రతిపాదించింది. మంచిదే. కోట్ల యూనిట్లు తాగుతున్నంత కాలం గుర్తురాని పొదుపు, మనం 102 బైట్లు వినమనేసరికి గుర్తొచ్చింది.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. కొన్ని పెట్టెల్లో దూరం నుంచి లేపడానికి సెట్టింగ్ ఉంది. మెనూలో, సిస్టమ్‌లో, పవర్‌లో, అడ్వాన్స్‌డ్‌లో అట్టడుగున "నెట్‌వర్క్ స్టాండ్‌బై" అని ఉంటుంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు ఆపేసి పంపిస్తారు. మీరు పట్టుబట్టి వెతికి ఆన్ చేస్తే కొన్నాళ్లు హాయిగా పనిచేస్తుంది. ఒకరోజు మళ్లీ పలకదు. వెళ్లి చూస్తే ఆ సెట్టింగ్ ఆఫ్‌లో ఉంటుంది. రాత్రి అప్‌డేట్ వచ్చిందట, వారే లేచి తెచ్చుకున్నారట.