మహారాజశ్రీ సేవ్ బటన్ గారికి

పాటలు రికార్డు చేసే సాఫ్ట్‌వేర్ తాలూకు మహారాజశ్రీ ట్రయల్ వెర్షన్ సేవ్ బటన్ గారి సముఖానికి, బెంగళూరు మారతహళ్లి నుంచి మీ బాధితుడు రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి. పెట్టను. మీరు కుశలమేనని తెలుసు, నా సంగతే చెప్పాలి.

మొన్న ఆదివారం మధ్యాహ్నం మిమ్మల్ని 11 సార్లు నొక్కాను. నొక్కినప్పుడల్లా సరేనని వినయంగా తలూపారు. సోమవారం రాత్రి ఆఫీసు నుంచొచ్చి ఫైలు తెరవబోతే, ట్రయల్‌లో దాచుకున్నది కొన్నాకే తెరుచుకుంటుందన్నారు. అయ్యా, దాచడానికి అక్కర్లేని డబ్బు తీయడానికి కావాలా? మా హిందూపురంలో తాకట్టు కొట్టాయన కూడా నగ తీసుకున్నప్పుడు చేతిలో ఎంతో కొంత పెడతాడు. మీరు పైసా పెట్టకుండా నగ లోపలేసుకుని, రసీదు మాత్రం 11 సార్లు ఇచ్చారు.

మిమ్మల్ని ఎంచుకోడానికి మూడు వారాలు పట్టింది. పెళ్లిచూపులప్పుడు కూడా ఇంత ఆరా తీయలేదు. ఆడాసిటీ 2000 నుంచీ ఉచితమే, కానీ ముఖం బాగాలేదని వద్దన్నాను. రీపర్ 60 రోజులు ఏదీ మూసిపెట్టకుండా వాడుకోమంటుంది, ఆ తర్వాత లైసెన్సు 60 డాలర్లు. దాని మెనూలు చూసి నాకే దడ పుట్టింది. గరాజ్‌బ్యాండ్‌కి యాపిల్ వాళ్ల మెషీన్ కావాలి, నాది విండోస్ ల్యాప్‌టాప్. చివరికి నున్నటి మీటలూ మెరిసే దీపాలూ చూసి మీ గుమ్మం తొక్కాను. తప్పు నాదే. సగం.

ఆదివారం మా అవ్వ పాడింది. జోలపాటలు, నాలుగు. ఫ్యాన్ ఆపి, కింద బోరు మోటారు ఆగేదాకా కాచుకుని, కిటికీకి దుప్పటి కట్టి, మంచం మీద కూర్చోబెట్టి మైకు పెట్టాను. అడక్కముందే మీ వాళ్లు తాళం కోసమట, నిమిషానికి 120 దెబ్బల చొప్పున టిక్కుటిక్కు మొదలుపెట్టారు. "ఆ బల్లిని తరుమురా" అంది. హెడ్‌ఫోన్లు పెడితే వెంటనే తీసేసి, "నా ఎనకాల ఎవురో పాడతాండారు" అంది. ఆ ఎవరో తన గొంతే, ఆలస్యంగా వినిపిస్తోంది. కంప్యూటర్ గొంతును శాంపిళ్లనే చిన్న ముక్కలు చేసి, కొన్ని పోగయ్యాకే పంపుతుంది. ఆ పోగు పేరు బఫర్, నాది 1024 శాంపిళ్లు. సెకనుకు 44,100 లెక్కన ఒక్క దిక్కుకే 23 మిల్లీసెకన్లు ఆలస్యం. 128కి తగ్గిస్తే పోపు పెట్టినట్టు చిటపటలు. సరే, ఇవన్నీ నేర్చుకునేవాడికి తప్పని తిప్పలే. హెడ్‌ఫోన్లు లేకుండానే పాడింది.

సోమవారం పొద్దున్నే రైలెక్కి వెళ్లిపోయింది.

ఫైలు పాడైపోతే కాసేపు ఏడ్చి ఊరుకునేవాణ్ణి. పాడవలేదు. పేరు కనిపిస్తోంది, సైజు కనిపిస్తోంది, నిన్నటి తేదీ కనిపిస్తోంది. అద్దాల బీరువాలో పెట్టి తాళం వేసినట్టు. ఇక మీరూ గీరూ లేదు, నువ్వే. తెరవనివ్వని దానివి సేవ్ అని పేరెందుకు పెట్టుకున్నావు? మొదటిసారి నొక్కినప్పుడే ఒక్క ముక్క చెప్పి ఉంటే నీ నోరు అరిగిపోయేదా? 79 ఏళ్ల మనిషి గొంతు పట్టేసినా వేన్నీళ్లు తాగి నాలుగో పాట అందుకుంటుంటే చూస్తూ తలూపావు కదే, సిగ్గుమాలినదానా!

అర్ధరాత్రి ఫోల్డర్లన్నీ కెలికితే ఒక మూల, మైకు విన్నది విన్నట్టు దాచిన వేవ్ ఫైలు దొరికింది. పేరంతా అంకెలే. నీ తాళం అక్కడిదాకా పడలేదు. ముఖం బాగాలేదన్న ఆ ఆడాసిటీయే మారుమాట్లాడకుండా తెరిచింది. రెండు గంటలు కూర్చుని సరిచేసిన వాల్యూములూ, కింద పరిచిన శ్రుతిపెట్టె నాదమూ నీ దగ్గరే ఉన్నాయి. ఉంచుకో, వడ్డీ కింద.

గొంతు మాత్రం వచ్చింది. మూడో పాటలో పక్కింటి కుక్కర్ విజిల్‌తో సహా. చివర్న పాట అయ్యాక కాసేపు నిశ్శబ్దం, తర్వాత అవ్వ అడుగుతోంది: "ఏం నాయనా, పోదు గదా ఇది?"

"పోదవ్వా, సేవ్ చేస్తాండా."

మౌస్ నొక్కిన చప్పుడు. అంతే, అక్కడికి ఆగింది.