పదిహేనేళ్లు దాటిన బండి తుక్కుకేనా? ఎఫ్‌సీ మెసేజ్‌కు వరుసగా జవాబు

నెల్లూరు, కావలి, ఒంగోలు గ్రూపుల్లో ఒక మెసేజ్ ఆగకుండా తిరుగుతోంది. అపార్ట్‌మెంట్ గ్రూపులో అదే, ఆటో స్టాండ్ గ్రూపులో అదే, గుడి కమిటీ గ్రూపులో కూడా అదే. దాంట్లో ఉన్నది క్లుప్తంగా ఇది (ఎఫ్‌సీ అంటే బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని ఇచ్చే ఫిట్‌నెస్ సర్టిఫికెట్):

"కొత్త చట్టం వచ్చింది. 15 ఏళ్లు దాటిన బైకులు, కార్లు అన్నీ తుక్కుకే. ఏపీ 26, ఏపీ 27 నంబర్లు ఇక చెల్లవు, ఏపీ 39కి మార్చుకోవాలి. సొంత బండికి కూడా ఏటా ఎఫ్‌సీ చేయించాలి, లేకుంటే పది వేలు ఫైన్, అక్కడికక్కడే సీజ్. పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంటే ఎఫ్‌సీ అడగరు. గడువు దాటినా నెల రోజులు గ్రేస్ ఉంటుంది. బండి తీసుకెళ్లక్కర్లేదు, బ్రోకర్‌కు కాగితాలిస్తే చాలు. అందరికీ పంపండి."

రాసినవాళ్లెవరో గానీ తెల్ల నంబరు బోర్డు ఉండే సొంత బండినీ, పసుపు బోర్డు ఉండే కిరాయి బండినీ ఒకే గాటన కట్టేశారు. దాంతో వ్యవహారం తలకిందులైంది. భయపడక్కర్లేనివాళ్లు భయపడుతున్నారు, జాగ్రత్తపడాల్సినవాళ్లు ధీమాగా ఉన్నారు. పాత స్కూటర్ మీద కూరగాయలకు వెళ్లొచ్చే రిటైర్డ్ మాస్టారికి టెన్షన్. చీమకుర్తి నుంచి గ్రానైట్ రాళ్లు తోలే లారీ ఓనరుకు మాత్రం "ఇంకా నెల ఉందిలే" అన్న నిబ్బరం. అందుకే ఒక్కో మాటనూ విడివిడిగా చూద్దాం.

"15 ఏళ్లు దాటితే తుక్కుకే"

ఎక్కువమందిని హడలగొట్టింది ఈ మాటే. కాబట్టి దీని దగ్గర కాస్త ఆగాలి.

1988 మోటారు వాహనాల చట్టం 41వ సెక్షన్ ప్రకారం సొంత బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. అది కాగితం గడువు. బండి ఆయుష్షు కాదు. గడువు దగ్గరపడ్డాక తనిఖీ చేయించి ఇంకో 5 ఏళ్లకు రెన్యువల్ చేసుకోవచ్చు. ఆ 5 ఏళ్లయ్యాక బండి బాగుంటే మళ్లీ 5 ఏళ్లు. ఇన్నిసార్లకు మించి కుదరదు అని చట్టంలో ఎక్కడా లేదు.

మరి తుక్కు మాట ఎక్కడి నుంచి వచ్చింది? మూడు వేర్వేరు సంగతులు ఇందులో కలిసిపోయాయి. ఒకటి, 2021లో కేంద్రం ప్రకటించిన స్క్రాపింగ్ పాలసీ. దాని పేరులోనే స్వచ్ఛందం అని ఉంది. బండిని తుక్కుకు ఇవ్వాలనుకున్నవాళ్లకు కొన్ని రాయితీలు చూపించింది తప్ప, బాగా తిరుగుతున్న బండిని లాక్కుపొమ్మనలేదు. రెండు, ప్రభుత్వ వాహనాల నిబంధన. ప్రభుత్వ శాఖల బండ్లకు 15 ఏళ్లు దాటాక రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయకూడదని 2023 ఏప్రిల్ 1 నుంచి అమలవుతోంది. అది కలెక్టరాఫీసు జీపుకు వర్తిస్తుంది, మీ ఇంటి ముందున్న మారుతికి కాదు. మూడు, ఢిల్లీ. అక్కడి కాలుష్యం వల్ల పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బండ్ల మీద ఆంక్షలు పెట్టారు. అవి హరిత ట్రిబ్యునల్, సుప్రీంకోర్టు ఆదేశాలతో వచ్చాయి, వాటి పరిధి దేశ రాజధాని ప్రాంతం వరకే. ఆ వార్తలను టీవీలో చూసినవాళ్లు ట్రంక్ రోడ్డులో పోయే బండ్లకు అంటగట్టారు.

ఖర్చు పెరిగిన మాట మాత్రం నిజం. 2022 ఏప్రిల్ నుంచి 15 ఏళ్లు దాటిన బైకు రెన్యువల్ ఫీజు 1,000 రూపాయలు, కారుకు 5,000. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటిన బండ్లకు విడిగా రేటు పెట్టారు: బైకుకు 2,000, కారుకు 10,000. దానిపైన రాష్ట్రం వేసే గ్రీన్ ట్యాక్స్ ఉంటుంది. ఆర్‌సీ (రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్) కార్డు ఖర్చు వేరే. పాత బండ్లను వదిలించుకోమని ప్రభుత్వం ఫీజుల రూపంలో ఒత్తిడి పెడుతోందని ఎవరైనా అంటే నేను కాదనను. కానీ ఒత్తిడి వేరు, నిషేధం వేరు. ఫీజు కట్టి, తనిఖీలో నెగ్గితే బండి మీదే, రోడ్డు మీదే.

చేయాల్సిన పని కూడా పెద్దదేమీ కాదు. గడువుకు 60 రోజుల ముందు నుంచి కేంద్ర రవాణా శాఖ వాళ్ల పరివాహన్ సైట్‌లో దరఖాస్తు పెట్టవచ్చు. దాన్ని ఫారం 25 అంటారు. ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ గడువులో ఉండాలి, చలాన్లు బాకీ లేకుండా చూసుకోవాలి. స్లాట్ రోజున బండి తీసుకెళ్తే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ (రవాణా శాఖ తనిఖీ అధికారి) ఛాసిస్ నంబరు, అంటే బండి చట్రం మీద కొట్టిన నంబరు, ఇంజిన్ నంబరు ఆర్‌సీతో సరిచూసి, బండి కండిషన్ చూస్తారు. ఛాసిస్ నంబరు తుప్పులో కనబడకపోతే పని ఆగిపోతుంది కాబట్టి ముందు రోజే శుభ్రం చేసుకోవడం మంచిది. గడువు దాటనిస్తే బైకుకు నెలకు 300, మిగతా సొంత బండ్లకు నెలకు 500 రూపాయల చొప్పున అదనంగా పడుతుంది.

ఈ మెసేజ్ వల్ల లాభపడేది ఎవరో ఊహించడం కష్టం కాదు. "ఎలాగూ తుక్కే కదా సార్, నాలుగు వేలిస్తా" అని ఇంటి ముందుకొచ్చే పాత బండ్ల బేరగాడికి ఇంతకంటే మంచి ప్రచారం దొరకదు.

"ఏపీ 26, ఏపీ 27 చెల్లవు"

ఏపీ 26 నెల్లూరుది, ఏపీ 27 ప్రకాశానిది. 2019లో రాష్ట్రమంతటికీ ఒకే సిరీస్‌గా ఏపీ 39 వచ్చింది. అది కొత్తగా రిజిస్టర్ అయ్యే బండ్లకు. పాత నంబర్లను ఎవరూ రద్దు చేయలేదు. రెన్యువల్ చేయించినా నంబరు మారదు. ఇంతకు మించి ఈ పాయింటుకు జవాబు అక్కర్లేదు.

"సొంత బండికి ఏటా ఎఫ్‌సీ"

లేదు. ఎఫ్‌సీ అని మనం పిలిచే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ గురించి చట్టంలో ఉన్నది 56వ సెక్షన్. అది మాట్లాడేది రవాణా వాహనాల గురించి. లారీ, బస్సు, ఆటో, ట్రాలీ ఆటో, ట్యాక్సీ, కాలేజీ బస్సు, అంటే కిరాయికో వ్యాపారానికో తిరిగేవి. పసుపు బోర్డు మీద నల్ల అక్షరాలుంటే ఎఫ్‌సీ కావాలని గుర్తు. బ్యాటరీ బండ్లలో అయితే ఆకుపచ్చ బోర్డు మీద పసుపు అక్షరాలుంటాయి. ఇంట్లో వాడుకునే బైకుకూ కారుకూ పదిహేనేళ్లప్పుడు రెన్యువల్ తనిఖీయే తప్ప మధ్యలో ఎఫ్‌సీ ఉండదు.

రవాణా బండికైనా ఎప్పుడూ "ఏటా" కాదు. షోరూం నుంచి పూర్తిగా తయారై వచ్చిన కొత్త బండికి మొదటి రెండేళ్లు ఎఫ్‌సీ ఉన్నట్టే లెక్క. ఛాసిస్ కొని బయట బాడీ కట్టించుకున్న లారీకి అది వర్తించదు, రిజిస్ట్రేషన్ అప్పుడే చూపించాలి. తర్వాత బండికి 8 ఏళ్లు వచ్చేదాకా రెండేళ్లకోసారి, ఆ పైన ఏడాదికోసారి. ఈ లెక్క కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 62వ నిబంధనలో ఉంది. స్కూలు, కాలేజీ బస్సుల సంగతి వేరు. మన రాష్ట్రంలో వాటి ఎఫ్‌సీ మే 15తో ముగుస్తుంది. వేసవి సెలవుల్లో ఆ బస్సులన్నీ రవాణా ఆఫీసుల దగ్గర వరుస కట్టేది అందుకే. పిల్లల్ని బస్సెక్కించే తల్లిదండ్రులు జూన్‌లో ఒకసారి ఆ బస్సు నంబరు ఎంపరివాహన్ యాప్‌లో కొట్టి చూసుకుంటే తప్పేం లేదు.

మన పల్లెల్లో ఎక్కువగా వచ్చే సందేహం ట్రాక్టర్ గురించి. వ్యవసాయ ట్రాక్టర్‌ను నిబంధనలు రవాణాయేతర వాహనంగానే చూస్తాయి. దమ్ము చేసుకుని, వడ్లు ఇంటికి తోలుకునే రైతుకు ఎఫ్‌సీ గొడవ లేదు. అదే ట్రాక్టర్‌తో ఇసుక, ఇటుకలు కిరాయికి తోలితే అది వ్యవసాయం అనిపించుకోదు. పట్టుబడితే "రైతు బండి సార్" అన్న మాట నిలవదు.

"పది వేలు ఫైన్, సీజ్"

ఇందులో సగం నిజం ఉంది. ఎఫ్‌సీ లేని రవాణా బండికి రిజిస్ట్రేషన్ సక్రమంగా ఉన్నట్టు కాదని 56వ సెక్షన్ అంటుంది. రిజిస్ట్రేషన్ లేని బండి నడిపినందుకు 192వ సెక్షన్ కింద మొదటిసారి 2,000 నుంచి 5,000 రూపాయల దాకా జరిమానా ఉంటుంది. రెండోసారి పట్టుబడితే 5,000 నుంచి 10,000 దాకా, ఏడాది వరకు జైలు కూడా ఉండవచ్చు. బండిని ఆపి ఉంచే అధికారం 207వ సెక్షన్ ఇస్తుంది. అంటే సీజ్ మాట ఉత్తిది కాదు. కాకపోతే అది పసుపు బోర్డు బండికి, లేదా 15 ఏళ్లు దాటి రెన్యువల్ చేయించని బండికి. గడువులో ఉన్న మీ సొంత బండిని ఆపి ఎఫ్‌సీ ఏదని అడిగితే, ఆర్‌సీ చూపిస్తే సరిపోతుంది. డిజిలాకర్‌లోనో ఎంపరివాహన్‌లోనో ఉన్నా చెల్లుతుంది.

జరిమానా కంటే పెద్ద దెబ్బ ఇంకోటి ఉంది, మెసేజ్ దాని ఊసే ఎత్తలేదు. ఎఫ్‌సీ లేని రోజున కృష్ణపట్నం పోర్టు రోడ్డులోనో హైవే మీదో ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ మొదట పట్టుకునేది దాన్నే. బాధితులకు కంపెనీ ముందు కట్టి, ఆ డబ్బు ఓనరు దగ్గర రాబట్టుకోవచ్చని కోర్టులు చెప్పిన కేసులున్నాయి. ఒక్క లారీ మీద బతికే మనిషికి అది కోలుకోలేని బాకీ.

"పొల్యూషన్ ఉంటే ఎఫ్‌సీ అక్కర్లేదు"

రెండూ వేర్వేరు కాగితాలు. పొల్యూషన్ పరీక్ష పొగను మాత్రమే చూస్తుంది. బ్రేకులు పడతాయో లేదో దానికి తెలియదు. కొత్త బండికి ఏడాది దాటాక పొల్యూషన్ సర్టిఫికెట్ అవసరం. బీఎస్ 4, బీఎస్ 6 (పొగ మీద కేంద్రం పెట్టిన ప్రమాణాలు) బండ్లకు అది ఏడాది చెల్లుతుంది, అంతకు ముందువాటికి ఆరు నెలలు. ఇది సొంత బండికీ కావాలి, కిరాయి బండికీ కావాలి. నిజానికి ఎఫ్‌సీకి వెళ్లినప్పుడు మొదట అడిగే కాగితాల్లో ఇదొకటి. ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదనడం ఎలా ఉందంటే, రేషన్ కార్డు ఉంది కాబట్టి ఓటరు కార్డు వద్దన్నట్టుంది.

"నెల రోజులు గ్రేస్"

అన్నిటికంటే ప్రమాదకరమైన మాట ఇది. ఎఫ్‌సీకి గ్రేస్ పీరియడ్ లేదు. గడువు తీరిన మర్నాటి నుంచే బండి రోడ్డెక్కకూడదు. పైగా ఆలస్యమైన ప్రతి రోజుకూ 50 రూపాయల అదనపు ఫీజు ఉంది. షెడ్డులో మూడు నెలలు పడుకున్న ట్రాలీ ఆటోకు నాలుగు వేలు దాటుతుంది. డ్రైవింగ్ లైసెన్స్‌కు ఒకప్పుడు 30 రోజుల వెసులుబాటు ఉండేది, 2019 సవరణలో అదీ తీసేశారు. కరోనా కాలంలో కాగితాల గడువులు పొడిగించుకుంటూ పోయారు, ఆ పొడిగింపు 2021 అక్టోబరు 31తో ఆగిపోయింది. ఈ రెండింట్లో ఏదో ఒకటి గుర్తుపెట్టుకుని ఎవరో గ్రేస్ అని రాసి ఉంటారు.

"బండి తీసుకెళ్లక్కర్లేదు"

ఇది నమ్మి బ్రోకర్‌కు డబ్బులిచ్చేవాళ్లు ఉన్నారు కాబట్టే చెప్పాల్సి వస్తోంది. ఎఫ్‌సీ అంటేనే బండిని చూసి ఇచ్చే కాగితం. బండి కళ్లెదుట లేకుండా ఎవరైనా తెచ్చిచ్చారంటే దొంగ కాగితమైనా అయ్యుండాలి, అవతల తప్పుచేసిన అధికారైనా ఉండాలి. రెండు రకాలుగానూ రేపు ఇరుక్కునేది ఓనరే.

చూసేవి ఏమిటో ముందే తెలుసుకుంటే బ్రోకర్ అవసరం చాలావరకు ఉండదు. బ్రేకులు, స్టీరింగు, హెడ్‌లైట్లు, ఇండికేటర్లు, హారన్, వైపర్, అద్దాలు, నంబరు ప్లేటు. లారీలకు ముందూ వెనకా పక్కలా అంటించే రిఫ్లెక్టివ్ టేపు, అదే మనవాళ్లు రేడియం అంటారు. వేగం హద్దు దాటకుండా ఆపే స్పీడ్ గవర్నర్ ఉండాల్సిన బండికి అది పనిచేస్తూ ఉండాలి. టైరు గాడి లోతు ఆటోకు 0.8 మిల్లీమీటర్లు, నాలుగు చక్రాలు, ఆపైన వాటికి 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదు. ట్యాక్స్, ఇన్సూరెన్స్, పొల్యూషన్ గడువులో ఉండాలి. మెకానిక్ షెడ్డులో ఒక పూట పనితో వీటిలో చాలా సరిపోతాయి. కొందరు ఎఫ్‌సీ రోజున మంచి టైర్లు అరువు తెచ్చి బిగించి, సాయంత్రానికి మళ్లీ గుండు టైర్లు ఎక్కిస్తారు. ఎఫ్‌సీ చేతిలో ఉంటే ఇక ఎవరూ ఏమీ చేయలేరనుకుంటారు. బండి నిబంధనలకు తగ్గట్టు లేదని తేలితే కారణం రాసి ఆ ఎఫ్‌సీని గడువు మధ్యలోనైనా రద్దు చేసే అధికారం 56వ సెక్షన్‌లోనే ఉంది.

ఇప్పుడు ఇంకో మార్పు నడుస్తోంది. ఇన్‌స్పెక్టర్ కంటిచూపుతో కాకుండా మెషిన్లతో పరీక్షించే ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్లకు 2021 సెప్టెంబరులో కేంద్రం నిబంధనలు తెచ్చింది. మీ ప్రాంతం పరిధిలో అలాంటి స్టేషన్ రిజిస్టర్ అయి ఉంటే రవాణా బండి అక్కడికే వెళ్లాలి. రోలర్ల మీద బ్రేకు ఎంత పట్టిందో మెషిన్ అంకె చూపిస్తుంది. "ఈసారికి చూడండి సార్" అనడానికి ఎదురుగా మనిషి ఉండడు. స్లాట్ పెట్టుకునేటప్పుడే మీ బండి ఎక్కడికి వెళ్లాలో పరివాహన్‌లో చూసుకోండి. రవాణా బండ్ల ఫీజులు కూడా బండి వయసును బట్టి మారుతుంటాయి, అక్కడ కనిపించేదే కట్టాలి, గేటు దగ్గర ఎవరో చెప్పింది కాదు.

బండి ఫెయిలైతే? లోపం సరిచేసుకుని, ఫీజు కట్టి మళ్లీ పరీక్షకు పెట్టుకోవచ్చు. ఎఫ్‌సీ ఇవ్వనన్నప్పుడు ఎందుకివ్వరో కాగితం మీద రాసివ్వాలని చట్టం చెబుతోంది. చాలామంది అది అడగరు. నోటిమాట విని వెనక్కి వచ్చేస్తారు, తర్వాత బ్రోకర్ దగ్గరికి పోతారు. ఆ రాత చేతిలో ఉంటే మెకానిక్‌కు ఏం చేయాలో తెలుస్తుంది. తిరస్కరణ అన్యాయమనిపిస్తే నోటీసు అందిన 30 రోజుల్లోపు 57వ సెక్షన్ కింద అప్పీలు చేసుకోవచ్చు.