పదివేల అడుగుల టార్గెట్ దొరవారికి, కడప నుంచి ఒక మడమ నొప్పి మనిషి రాసేది

అయ్యా, రోజుకు పదివేల అడుగులు నడవమనే టార్గెట్ గారూ,

నమస్కారం. ఈడ నేనేం క్షేమంగా లేను, మీరు మాత్రం బ్రహ్మాండంగా ఉండారని అడుగులు లెక్కబెట్టే నా చేతి వాచీ రోజూ సాయంత్రం చెప్తానే ఉండాది. బాకీ వసూలుకొచ్చిన ఫైనాన్సోడి మాదిరి, అన్నం తినేటప్పుడు కూడా బర్రుమని వణికి, ఇంకా చానా మిగిలుండాది లేవండి అంటాది. యాడికి లేచేది సామీ, పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేసేటప్పుడే ప్రాణం పోయొస్తాంటే?

డాక్టరు ప్లాంటార్ ఫేషియైటిస్ అన్నాడు. మడమ ఎముక నుంచి వేళ్ల మొదలు దాకా పాదం కింద గట్టి పట్టీ ఒకటుంటాదంట, రాత్రంతా కదలకుండా పడుకుంటే అది బిగుసుకుంటాదంట, పొద్దున్నే దానిమీద ఒక్కసారిగా బరువు పడితే ఇంగేముంది, సలుపే సలుపు. బడిలో పొద్దస్తమానం నిలబడి పాఠం చెప్పే ఉద్యోగం, ఇంటికొస్తే కడప బండల మీద ఉత్తకాళ్లతో వంట, దానికి తోడు మీ సేవ. మా వీధిలో మాత్రం అందరూ "అక్కా, ఎముక పెరిగినట్టుండాది, కోయించుకో" అనేవాళ్లే. ఎముక పెరిగినోళ్లలో చానామందికి నొప్పే ఉండదని, నొప్పి ఉండేవాళ్లలో కూడా ఎక్కువమందికి కోత లేకుండానే కొన్ని నెలల్లో తగ్గిపోతాదని డాక్టరు చెప్పినా, వీధి డాక్టర్ల ముందర ఆయనెంత.

ఇంతకీ మీరెవరు సార్? ఎవరో పెద్ద డాక్టర్లు కూర్చుని లెక్కగట్టి మిమ్మల్ని పెట్టినారేమో అని లోకమంతా మొక్కుతాండాది. తీరా చూస్తే 1964 టోక్యో ఒలింపిక్స్ తర్వాత జపానోళ్లకు నడక మీద మోజు పెరిగితే, 1965లో ఆడ ఒక గడియారాల కంపెనీ నడుముకు తగిలించుకునే అడుగుల మిషన్‌కు మిమ్మల్ని పేరుగా పెట్టి అమ్ముకునింది. అంటే మీరు పుట్టింది ఆస్పత్రిలో కాదు, అంగట్లో. 2019లో వచ్చిన ఒక పరిశోధనలో అమెరికాలో సగటున 72 ఏళ్లుండే ఆడవాళ్లను చూస్తే, చావు ముప్పు తగ్గేది రోజుకు సుమారు 7,500 అడుగుల కాడికొచ్చి ఆగిపోయిందంట, ఆపైన నడిచినా కొత్తగా ఒరిగిందేం కనపల్లేదంట. మిగతా రెండున్నరవేలు ఎవరి ఖాతాకు పోతాండాయో కొంచెం చెప్పండి.

నొప్పి వచ్చిందని నేనేం మంచానికి అతుక్కుపోలేదు. మా పాప సైకిల్ తీసుకుని తెల్లారుజామున దేవుని కడప వైపు పోయొస్తాండా, చెమట కారుతాది, మడమ మాత్రం కిక్కురుమనదు. మీ వాచీ లెక్కలో మాత్రం అది సున్నాకు దగ్గర, ఎందుకంటే చెయ్యి హ్యాండిల్ మీద కదలకుండా ఉంటాది కదా. కుర్చీలో కూర్చుని నీళ్ల బాటిళ్లు పైకెత్తి దించుతా, దానికీ అడుగులు పడవు. అదే మా వాకింగ్ గ్రూపులో ఒకామె టీవీ ముందర కూర్చుని చెయ్యి ఊపుకుంటానే మీ మొక్కు చెల్లించి, స్క్రీన్‌షాట్ పెట్టి దండాల బొమ్మలు వేయించుకుంటాది! ఒళ్లు వంచినోళ్లకు సున్నా, చేతులూపినోళ్లకు చప్పట్లు, బాగుండాది మీ పరిపాలన. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దోళ్లకు చెప్పింది వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఒక మోస్తరుగా ఒళ్లు కదిలించమని, రెండ్రోజులన్నా కండరాలకు పని పెట్టమని. సైకిలైనా ఈతైనా దాంట్లోకి వస్తాది, మీ ఊసే లేదు.

ఇంగ ఇంట్లో సంగతి. గోడకు చేతులానించి, ఒక కాలు వెనక్కి పెట్టి, మడమ నేలకు ఆనించి పిక్క సాగదీస్తాంటే మా ఆయన వచ్చి "గోడ పడిపోతాదని పట్టుకున్యావా" అంటాడు. పాదం కింద దొర్లించేదానికి ఫ్రీజర్లో బాటిల్ గడ్డకట్టించి పెట్టుకుంటే, ఎండన పడి వచ్చిన మా ఆడబిడ్డ దాన్ని మంచినీళ్లని ఎత్తుకుని, గడ్డ కరగలేదని నన్నే తిట్టింది. అది నేను కాలికింద దొర్లించేదని చెప్పాల్నా వద్దా అని చానాసేపు ఆలోచించినా. చెప్పలే.

మెత్తటి చెప్పులు వేసుకునే వంట చేస్తాండా ఇప్పుడు. వంటింట్లో చెప్పులా అని మా అత్త మొహం చిట్లించుకుంది గానీ, నాకు పొద్దున్నే మంచం దిగేటప్పుడు కొంచెం తేడా తెలుస్తాండాది, కాబట్టి ఆ చిట్లింపు నాకు సమ్మతమే.

నొప్పి పూర్తిగా తగ్గినాక మళ్లీ నడకకు వస్తా, రాననను. కొంచెం కొంచెంగా, కాలు ఒప్పుకున్నంత, మీరడిగినంత కాదు. అంతవరకు వాచీ మా ఆయనకిచ్చినా. ఆయన సోఫాలో కూర్చుని పేకలు పంచుతా మీకు లెక్క చూపిస్తాండాడు, సరిపోకపోతే ఆయన్నే అడగండి.

ఇట్లు,
మీ పాత భక్తురాలు, కడప