అరిహంత్ రియాక్టరూ, అంతరిక్షంలో లేని సముద్రమూ

మా అపార్ట్‌మెంట్ గ్రూపులో నాలుగు రోజులుగా ఒకటే ఫార్వర్డ్ తిరుగుతోంది. "మన విశాఖలో తయారైన అరిహంత్ జలాంతర్గామిలో అణు రియాక్టర్ ఉంది. అలాంటిదే వ్యోమనౌకకు బిగిస్తే నేల మీద నుంచి లేచి వారంలో అంగారకుణ్ణి చేరుతుంది. అంతరిక్షం చల్లగా ఉంటుంది కాబట్టి కూలింగ్ బెడద లేదు. ఇంతవరకు ఎవరూ చేయలేదు. తేడా వస్తే మాత్రం అణుబాంబే!"

నేల మీద నుంచి లేవదు. ఈ పద్ధతిలో రియాక్టర్ కరెంటు ఇస్తుంది. ఆ కరెంటు జినాన్ లాంటి వాయువును అయాన్లుగా, అంటే విద్యుదావేశం ఉన్న కణాలుగా మార్చి సెకనుకు 30 కిలోమీటర్ల వేగంతో వెనక్కి చిమ్ముతుంది. వేగం ఘనమే, తోపే బహు స్వల్పం. సోలార్ కరెంటుతో ఇలాంటి ఇంజన్‌నే నడిపిన నాసా 'డాన్' నౌకకు దక్కిన తోపు మహా అయితే 90 మిల్లీన్యూటన్లు. అరచేతిలో రెండు తెల్లకాగితాలు పెట్టుకుంటే తెలిసే బరువు! కారు సెకన్లలో అందుకునే వేగానికి దానికి నాలుగు రోజులు పట్టేది. నెలల తరబడి ఆగకుండా తోస్తుంది కాబట్టే పనికొస్తుంది. మరి ఆ వారం లెక్క ఎవరు కట్టారో!

అసలు తప్పు కూలింగ్ దగ్గరుంది. విశాఖలో ఉంటూ ఈ మాట నమ్మడమే నాకు వింత. పరవాడ సింహాద్రి థర్మల్ విద్యుత్ ప్లాంటు చల్లబడటానికి వాడేది సముద్రపు నీరే. అరిహంత్ చుట్టూ ఉన్నదీ సముద్రమే. అంతరిక్షంలో వేడిని మోసుకుపోవడానికి నీరూ లేదు, గాలీ లేదు. ఫ్లాస్కులో కాఫీ చల్లారనిది గోడల మధ్య శూన్యం వల్లే కదా. అక్కడ వేడి కిరణాలుగా మాత్రమే పోవాలి. 100 కిలోవాట్ల కరెంటు కావాలంటే, సామర్థ్యం 25 శాతం అనుకున్నా, 300 కిలోవాట్ల వేడి వదిలించుకోవాలి. సుమారు 230 డిగ్రీల పలక ఒకవైపు నుంచి చదరపు మీటరుకు దాదాపు 3 కిలోవాట్లు వెదజల్లుతుంది. అంటే మధురవాడలో 120 గజాల స్థలమంత పలక! పలకను ఇంకా వేడెక్కిస్తే చిన్నదవుతుంది, కానీ సామర్థ్యం పడిపోతుంది. ఇంజనీర్ల తలనొప్పంతా ఇదే.

ఇంత కష్టం ఎందుకంటారా? గురుగ్రహం దగ్గర ఎండ ఇక్కడి దానిలో 27వ వంతే, ఇంత కరెంటు కావాలంటే సోలార్ పలకలు మరీ భారీగా ఉండాలి.

బాంబు మాట వట్టిది, ఈ రియాక్టర్లు అలా పేలవు. అయితే ప్రమాదమే లేదనను. 1978లో సోవియట్ వాళ్ల అణు రియాక్టర్ ఉపగ్రహం కాస్మోస్ 954 కెనడాలో కూలి రేడియోధార్మిక శకలాలు చెల్లాచెదురయ్యాయి.

"ఎవరూ చేయలేదు" అన్నదీ అబద్ధమే. అమెరికా 1965 ఏప్రిల్ 3న స్నాప్-10ఎ అనే ఉపగ్రహాన్ని పంపింది, రియాక్టర్‌తో పాటు చిన్న అయాన్ ఇంజన్ కూడా పెట్టి. ఇంజన్ గంట లోపే ఆగింది. 43 రోజులకు కరెంటు సర్క్యూట్ లోపంతో రియాక్టరూ ఆగింది. అది ఇప్పటికీ మన తలల మీదుగా తిరుగుతూనే ఉంది.