మూతికి కట్టుకునే తువ్వాలు గారికి

మహారాజశ్రీ తువ్వాలు గారికి,

పత్తి చేలో మందు కొట్టే మనిషికి మాస్కూ తమరే, కవచమూ తమరే. తమరి సేవలు లోకానికి తెలియాలనే ఈ ఉత్తరం.

పొద్దున పొడిగా వస్తారు. రెండు ట్యాంకులు అయ్యేసరికి ఎదురుగాలి తుంపరతో, చెమటతో తడిసి ముద్దవుతారు. అక్కడి నుంచి తమరు చేసేది వడపోత కాదు, మొహానికి మందుపట్టు వేయడం. పారథియాన్ అనే పురుగుమందును మనుషుల చర్మానికి పూసి కొలిస్తే ముంజేతి నుంచి 9 శాతం లోపలికి పోయింది, నుదుటి నుంచి 36, చంక నుంచి 64, వృషణాల చర్మం నుంచి దాదాపు మొత్తం. ట్యాంకు కారి నడుము తడిస్తే తుడిచేదీ తమరేనాయె!

లోపల సంగతి వినండి. కండరాన్ని కదిలించడానికి నరం ఎసిటైల్‌కోలిన్ అనే రసాయన కబురు వదులుతుంది. పనయ్యాక దాన్ని విరిచేసేది కోలినెస్టరేజ్ అనే ఎంజైము. ప్రొఫెనోఫాస్, క్లోర్‌పైరిఫాస్ (ఇదైతే ఒంట్లో రూపం మార్చుకున్నాక) వంటి పురుగుమందులు దానికే అతుక్కుంటాయి. ఇక కబురు ఆగదు. చొంగ, కన్నీళ్లు, సూదిమొనంత కంటిపాప, కండరాల అదురు. ముదిరితే ఊపిరి తీయించే కండరమే చచ్చుబడుతుంది. చుట్టుపక్కల వాళ్లు ఎండదెబ్బ అనుకుని మజ్జిగ ఇస్తారు. తమరి మీద ఈగ కూడా వాలదు.

ఆసుపత్రిలో ఇచ్చే అట్రోపిన్ సూది చొంగనూ ఊపిరితిత్తుల్లో చేరిన నీటినీ అదుపు చేస్తుంది గానీ కండరాల నీరసం దానికి లొంగదు. ప్రాలిడాక్సిమ్ అనే ఇంకో సూది ఎంజైమును విడిపించడానికి, అదీ ఆ అతుకు బిగుసుకోకముందే పడాలి. ‘తేరుకున్నాడు’ అని ఇంటికి తెచ్చుకోవడానికీ తొందరపడకూడదు: 24 నుంచి 96 గంటల మధ్య మెడ ఎత్తలేక, ఊపిరి అందక మళ్లీ పడిపోయేవాళ్లున్నారు. మోతాదు ఎక్కువైతే కొన్ని రకాలు రెండు మూడు వారాల తర్వాత కాళ్ల పొడుగాటి నరాలను పట్టుకుంటాయి. తిమ్మిరితో మొదలై పాదం వేలాడుతుంది.

2017లో మన ఆదిలాబాద్‌ను ఆనుకునే ఉన్న మహారాష్ట్ర యవత్మాల్‌లో పత్తికి మందు కొట్టినవాళ్లు చనిపోయారు. అక్కడా తమరి బంధువర్గం డ్యూటీలో ఉండే ఉంటుంది.

కాబట్టి రాజీనామా ఇవ్వండి. బొగ్గు కార్ట్రిడ్జ్ మాస్కు, నైట్రైల్ గ్లౌజులు, పొడుగు చేతుల చొక్కా, కళ్లద్దాలు రానివ్వండి. అసలు మందు సీసాలోంచి ట్యాంకులోకి వంచేటప్పుడే ప్రమాదం ఎక్కువ, గ్లౌజులు అక్కడే మొదలవ్వాలి.

తా.క.: ఈ సాయంత్రం తమరిని పిల్లల బట్టలతో కలిపి నానబెట్టబోతున్నారు. దయచేసి వేరే బకెట్ అడగండి.