దానకర్ణుడని పేరు మోసిన అయానిక బంధానికి

గౌరవనీయులైన అయానిక బంధం గారికి,

హనుమకొండ నుండి ఒక రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్ నమస్కరించి వ్రాయునది. మా నయీంనగర్ కోచింగ్ సెంటర్లలో తమరి కీర్తి మార్మోగుతున్నది. సోడియం తన చివరి కక్ష్యలోని ఒక్కగానొక్క ఎలక్ట్రాన్‌ను క్లోరిన్‌కు దానం చేసిందని, ఇద్దరికీ చివరి కక్ష్యలో ఎనిమిదేసి ఎలక్ట్రాన్ల అష్టకం కుదిరి సుఖంగా ఉన్నారని పిల్లలు కళ్లు మూసుకొని అప్పజెప్పుతున్నారు.

ఈ దానం లెక్క ఒకసారి చూద్దాం. ఒక మోల్ (అంటే ఒక నిర్ణీత సంఖ్యలో) సోడియం పరమాణువుల నుండి ఎలక్ట్రాన్లను ఊడబెరకడానికి 496 కిలోజౌళ్లు ఖర్చవుతుంది. వాటిని పుచ్చుకున్న క్లోరిన్ వల్ల తిరిగి వచ్చేది 349 మాత్రమే కనుక, అక్కడికి 147 లోటు. ఆ లోటును తమరు ఊరికే భరించారా? అలా విద్యుదావేశం పొందిన పరమాణువులను, అంటే అయాన్లన్నింటినీ, స్ఫటిక జాలకమనే క్రమబద్ధమైన అల్లికలో పేర్చి 787 కిలోజౌళ్లు రాబట్టుకున్నారు. పంటకు ముందు రైతుకు అప్పిచ్చి, మిర్చి బస్తాలు ఎనుమాముల యార్డుకు చేరాక కాటా దగ్గరే వసూలు చేసుకునే అడ్తిదారుకు, తమరికి తేడా ఏమిటి? ఆయననైతే ఎవరూ దాత అనడం లేదు.

ల్యాబులో కిరోసిన్ సీసాలోంచి సోడియం ముక్కను తీసి, వడపోత కాగితంతో తుడిచి, కత్తితో కోస్తే, కోసిన చోట మెరిసిన వెండి రంగు వెనుక వరుస పిల్లలు మెడలు చాచి చూసేలోపే మసకబారుతుంది. గాలిలోని ఆక్సిజన్‌కు, తేమకు ఎలక్ట్రాన్లను అప్పగించే ఆ ఆత్రాన్ని చూసి ఔదార్యమనుకుంటారే గాని, ఆ తర్వాత ముట్టే లాభం సంగతి ఎవరూ ఎత్తరు.

పైగా ఉప్పు రాయిలో ప్రతి సోడియం అయాన్ చుట్టూ ఆరు క్లోరైడ్లు, ప్రతి క్లోరైడ్ చుట్టూ ఆరు సోడియం అయాన్లు ఉంటాయి. జంట అన్న మాటే లేనప్పుడు బోర్డు మీద ఇద్దరినే గీసి, మధ్యలో బాణం గుర్తు వేయడం దేనికి?

లోహమూ అలోహమూ కలిసిన చోటల్లా తమరిదే రాజ్యమన్న ప్రచారం మరీ విడ్డూరం. అల్యూమినియం ఫ్లోరైడ్ తమరిదేనని ఒప్పుకుంటాను. అదే అల్యూమినియం క్లోరిన్‌తో కలిస్తే సుమారు 180 డిగ్రీల వద్దే ఆవిరిగా లేచిపోతుంది. అప్పుడు తమరి పట్టు ఏమైంది? చిన్న కాటయాన్ (ధన అయాన్) పై విద్యుదావేశం ఎక్కువై, ఎదుట పెద్ద ఆనయాన్ (రుణ అయాన్) ఉంటే ఎలక్ట్రాన్ మేఘం ఇటు లాగబడి, ఎలక్ట్రాన్ల పంపకం, అంటే సమయోజనీయ బంధం, మొదలవుతుందని 1923లోనే రసాయన శాస్త్రవేత్త ఫజాన్స్ చెప్పాడు. ఆ సంగతి మా గైడ్లలో చిన్న అక్షరాల్లో, అదీ పేజీ అడుగున ఉంటుంది.

అంతెందుకు, బంధంలో అయానిక వాటాను అంచనా వేసే పౌలింగ్ సూత్రంతో లెక్క కడితే సాక్షాత్తు సోడియం క్లోరైడ్‌లోనే తమరి వాటా సుమారు 70 శాతం. మిగతా 30 శాతం ఎవరిదో టెన్త్ పిల్లలకు తమరే వచ్చి చెప్పాలి. ఎప్‌సెట్ అయ్యేదాకా వాళ్ల సార్లు చెప్పేటట్టు లేరు.

ఇట్లు,
తమరి పాత పరిచయస్థుడు